ముద్దు పెట్టుకుంటే వెలిగే కిటికీ

ఆ పిండిమర వైపు చీకటిపడ్డాక ఎవరూ వెళ్ళరు. ఫ్యూన్ దీవిలో ఆ చుట్టుపక్కల ఎవరినైనా అడిగి చూడండి. కుక్కని తిప్పడానికి బయల్దేరినవాళ్ళు కూడా వాగు దగ్గరికొచ్చేసరికి వెనక్కి తిరుగుతారు. నీటిచక్రం విరిగి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. తలుపుకి గొళ్ళెం లేదు. అయినా దొంగ కూడా లోపలికి దూరడు.

మర యజమాని పెళ్ళయిన ఏడాదికే పెళ్ళాన్ని వదిలి ఓడెక్కి పోయాడట. ఆమె పై కిటికీలో దీపం పెట్టుకుని ఎదురుచూసి, ఎదురుచూసి… అక్కడే పోయిందట. అప్పట్నుంచీ ఎదుటి బంగళాలో పెళ్ళి జరిగిన రాత్రి ఆ కిటికీలో గనక దీపం వెలిగిందా — ఆ జంట ఏడాది తిరక్కుండా విడిపోవాల్సిందే. అలా విడిపోయినవాళ్ళెవరో పేర్లు చెప్పమంటే మాత్రం అందరూ నీళ్ళు నములుతారు.

ఫొటోగ్రాఫర్ గ్రేథే ఇలాంటివి నమ్మే మనిషి కాదు. ఇరవై ఆరేళ్ళుగా పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తోంది. రెండు భుజాలకి రెండు కెమెరాలు, నడుముకి బ్యాటరీల సంచీ, మోకాళ్ళకి నొప్పులు. ఆమెకి భయమంటూ ఉంటే ఒక్కటే — తీయాల్సిన ఫొటో తప్పిపోవడం.

ఆ సెప్టెంబరు శనివారం బంగళాలో టీరాకీ యెప్పెకీ పెళ్ళివిందు. మా దగ్గర విందంటే పెళ్ళిజంటకి తిండి తినే తీరిక ఉండదు. ఎవరో ఒకరు చెంచాతో గ్లాసు మీద టింగుమనిపిస్తారు, అందరూ అందుకుంటారు, ఇద్దరూ లేచి ముద్దు పెట్టుకోవాలి. అందరూ కాళ్ళతో నేల తన్నితే బల్ల కిందికి దూరి మరీ పెట్టుకోవాలి. వాళ్ళ వెనకే గ్రేథే కూడా దూరాలి, మోకాళ్ళు మొరాయించినా సరే.

పదిన్నరకి, వాన తెరిపిచ్చాక, మళ్ళీ గ్లాసులు మోగాయి. యెప్పె ముద్దు పెట్టాడు. గ్రేథే కెమెరా నొక్కింది.

కిటికీల వైపు కూర్చున్న ఓలుఫ్ బాబాయ్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. విందు నడిపించే పెద్దమనిషి ఆయనే. రాత్రంతా ఆయన నోరు మూతపడలేదు — అప్పుడు మూతపడింది.

"మరలో… దీపం వెలిగింది," అన్నాడు మెల్లగా.

"ఎన్నో గ్లాసు బాబాయ్ అది?" అన్నాడు యెప్పె.

"తాగితే నాకు ఒక్క చెట్టు రెండుగా కనిపిస్తుంది గానీ, లేని దీపం కనిపించదురా. కావాలంటే మళ్ళీ పెట్టుకో. చూద్దాం."

మళ్ళీ గ్లాసులు మోగాయి. ముద్దు… ఈసారి కిటికీల వైపున్న పదిమందీ కెవ్వుమన్నారు. వాగు అవతల, నల్లటి గోడలో, పై కిటికీ ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది.

మూడోసారీ అంతే. నాలుగోసారీ అంతే. పెట్టుకుంటే వెలుగుతుంది. మానేస్తే చీకటి.

"ఓర్వలేకపోతోంది, పాపం," అన్నాడు ఓలుఫ్ బాబాయ్ గొంతు తగ్గించి. "తన మొగుడు వదిలిపోయాడు కదా."

ఆ మాటతో టీరా కుర్చీలో కూలబడింది. "సాయంత్రం అక్కడికెళ్ళి ఫొటోలు దిగకుండా ఉండాల్సింది. మనమే ఆమెని లేపాం."

"అది ఏ కుర్రాళ్ళ టార్చిలైటో అయ్యుంటుంది టీరా."

"కుర్రాళ్ళకి మన ముద్దులు ఎలా తెలుస్తాయి యెప్పె? ఆ దీపం సంగతి తేలేదాకా నేను వాల్ట్జ్ ఆడను."

సంగీతం పెట్టేవాడు చేతులెత్తేశాడు. వధూవరులు అర్ధరాత్రి పన్నెండు లోపు వాల్ట్జ్ అనే జంటనాట్యం ఆడి తీరాలి. అతిథులంతా చప్పట్లు కొడుతూ గుండ్రంగా చుట్టి, ఇద్దరూ కదలడానికి చోటు లేనంతగా దగ్గరికొస్తారు. పన్నెండు దాటిందా, ఆ పెళ్ళికి కలిసిరాదంటారు. ఆడితే దీపం, ఆడకపోతే గడియారం. టీరా కళ్ళ నిండా నీళ్ళు. గ్రేథే గడియారం వంక చూసింది. వాల్ట్జ్ ఫొటో లేని పెళ్ళి ఆల్బమ్ ఆమె చేతుల్లోంచి ఇంతవరకూ వెళ్ళలేదు.

"నేను వెళ్ళి చూసొస్తాను," అంది.

"ఒక్కరే వెళ్తారా గ్రేథే గారూ?"

"నాకు విడాకులై తొమ్మిదేళ్ళయింది తల్లీ. ఇంకా నన్ను ఎవరి దగ్గర్నుంచి విడదీస్తుందట?"

సన్నటి వానకోటు తొడుక్కుని, మెడలో కెమెరాతోనే బయటికొచ్చింది. పదకొండుం పావు. వాన వెలిసింది. కాలిబాట జారుతోంది. బంగళాలో నవ్వులు వెనకపడ్డాయి… ఆ తరవాత వాగు చప్పుడు ఒక్కటే.

చెక్కవంతెన మీద ఆగింది. ఎదురుగా మర. కిటికీ చీకటిగా ఉంది. ఎవరూ లేరని చూపించడానికి ఒక ఫొటో తీసుకుపోతే సరిపోతుంది కదా, లోపలికి వెళ్ళడం దేనికి? కెమెరా ఎత్తింది. నొక్కింది.

కిటికీ తెల్లగా వెలిగింది.

గ్రేథే అడుగు వెనక్కి వేసింది. చుట్టూ చూసింది. ఇక్కడ ముద్దు లేదు, జంట లేదు… మరి ఎవరిని చూసి వెలిగినట్టు? మళ్ళీ నొక్కింది.

మళ్ళీ వెలిగింది. ఫొటో దిగడానికి సిద్ధంగా నిలబడ్డట్టుంది, లోపలున్నదెవరో.

"చూడమ్మా…" అంది గ్రేథే గుసగుసగా. వయసులో ఆవిడే పెద్ద కదా అని కాస్త మర్యాద కూడా కలిపింది. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి రాలేదండీ. ఆ పిల్ల వాల్ట్జ్ ఒక్కటి ఆడుకోనివ్వండి. ఫొటో కావాలంటే మీకూ తీసిపెడతాను."

పారిపోదామంటే టీరా మొహం కళ్ళముందు కదిలింది. తలుపు తోసింది. కిర్రుమంది. పిండి వాసన ఎప్పుడో పోయింది, బూజు వాసన మిగిలింది. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే… పైకి. ఆఖరి మెట్టు మీద, చీకట్లో, కిటికీ పక్కన — చిన్న ఎర్రటి కన్ను ఆమెనే చూస్తోంది.

గ్రేథే చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. వేళ్ళకి చల్లటి ప్లాస్టిక్ తగిలింది. దాని మీద చీటీ ఒకటి అంటించి ఉంది. చీటీ మీద తన పేరు, తన ఫోన్ నంబరు.

తన మూడో ఫ్లాష్!

సాయంత్రం ఆరింటికి జంటని మర గుమ్మంలో నిలబెట్టినప్పుడు, కిటికీ వెలిగితే బాగుంటుందని పైన పెట్టింది తనే. ఇంతలో వాన. అందరూ పరుగు. కెమెరా మీద నొక్కితే దూరాన ఉన్న ఫ్లాష్‌లన్నీ తీగ లేకుండానే వెలుగుతాయి. హాలు మూలల్లో పెట్టిన రెండూ వెలిగాయి, పాపం ఇదీ వెలిగింది. రాత్రంతా ముద్దు ముద్దుకీ ఊళ్ళోవాళ్ళని హడలగొట్టిన దెయ్యం ఈ ఫొటోగ్రాఫరే.

మెట్ల మీద కూర్చుని ఒంటరిగా నవ్వుకుంది. నవ్వు ఆగాక అసలు భయం పట్టుకుంది. ఈ సంగతి బయటపడితే ఫ్యూన్‌లో ఇంకెవరు తనని పెళ్ళికి పిలుస్తారు? వచ్చేటప్పుడు దెయ్యమంటే భయం, వెళ్ళేటప్పుడు పెళ్ళివాళ్ళంటే భయం. వాచీ చూసుకుంది. పన్నెండుకి పద్దెనిమిది నిమిషాలు. ఫ్లాష్‌ని కోటు లోపలికి దోపి, బొత్తాములు పెట్టేసి, జారుతూ పడుతూ పరిగెత్తింది.

హాల్లో వాల్ట్జ్ కోసం మూలల్లోని ఫ్లాష్‌లతో సహా దీపాలన్నీ ఆర్పేసి, కొవ్వొత్తులు ఉంచారు. అందరి కళ్ళూ ఆమె మీదే.

"ఎవరూ లేరు," అంది గ్రేథే ఆయాసపడుతూ. "గబ్బిలాలు. వెన్నెల. అంతే."

"ఆకాశమంతా మబ్బులైతే వెన్నెలేమిటి?" అన్నాడు ఓలుఫ్ బాబాయ్.

టీరా లేచి నిలబడింది. "గ్రేథే గారూ, ఇక్కణ్ణుంచే ఆ కిటికీకి ఒక ఫొటో తీయండి. అది వెలగకపోతే ఆడతాను. ఒట్టు."

గ్రేథే మనసు తేలికపడింది. ఇంక ఎలా వెలుగుతుంది? ఠీవిగా కెమెరా ఎత్తింది. అందరూ కిటికీ వైపు తిరిగారు. ఆమె నొక్కింది.

మర కిటికీ నల్లగానే ఉండిపోయింది.

గ్రేథే పొట్ట మాత్రం కోటు గుండా, బొత్తాముల సందుల్లోంచి, హాలంతా తెల్లగా వెలిగిపోయింది.

ముందు వరసవాళ్ళు వెనక్కి జరిగారు.

"గ్రేథే గారూ…" అంది టీరా ఆ పొట్ట వంకే చూస్తూ, "ఆవిడ మీ… లోపలికి వచ్చేసిందా?"

గ్రేథే తల దించుకుని బొత్తాములు విప్పింది. ఫ్లాష్ తీసి, తన పేరున్న చీటీ అందరికీ కనిపించేలా పైకెత్తింది. "సాయంత్రం మర్చిపోయానమ్మా. దెయ్యం నేనే. క్షమించు."

టీరా చీటీ చదివింది. మరోసారి చదివింది. తరవాత కుర్చీ వీపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వుతూనే యెప్పె చెయ్యి పట్టుకుని నడి హాల్లోకి లాగింది. పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. వాల్ట్జ్ మొదలైంది, జనం చప్పట్లతో దగ్గర దగ్గరగా ముసురుకున్నారు. గ్రేథే ఆ గుంపులోకి దూరి ఆపకుండా నొక్కుతూనే ఉంది, కోటు తొడుక్కునే.