వంతెన దగ్గర నలభై ఒక్క పేర్లు

"నాలుగు కొట్టేలోపల ఆ పోస్ట్ ఉండకూడదు," అన్నాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని డిపార్టుమెంటులో తాబేలంటారు. పదిహేనేళ్ళ సర్వీసులో ఒక్క మిషన్ ఫెయిల్ కాలేదు. పాపం, అదే అతని ఖర్మ.

నెల కిందట వంతెన కూలింది. పోయింది తొమ్మిది మందేనని ప్రభుత్వం తేల్చింది. 'కాదు, నలభై ఒక్కమంది. నాలుగింటికి పేర్లు పెడతాం, ఎక్కడ కలవాలో చెప్తాం' అని ఎవరో ఒక అకౌంటులో ప్రకటించారు. మూడు లక్షలమంది ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

"పోస్ట్ షెడ్యూల్ చేసేశారు. కంపెనీ సర్వర్లో రెడీగా ఉంది. విదేశీ ముఠా పని! తీసెయ్యమంటే కంపెనీ కోర్టు ఆర్డరు తెమ్మంటోంది. కోర్టుకెళ్తే తెల్లారినట్టే. నువ్వే వెళ్ళి చెరిపెయ్."

చీఫ్ అగ్గిపెట్టెంత పరికరం చేతిలో పెట్టాడు. సర్వర్‌కి తగిలించి మీట నొక్కితే పోస్ట్ మాయం.

మూడున్నరకి తాబేలు ఏసీ మెకానిక్ వేషంలో కంపెనీ ఎనిమిదో అంతస్తులో దిగాడు. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్‌తో మేనేజరు ఎదురొచ్చింది. మన దేశానికీ పరాయి దేశానికీ రహస్యాలమ్మే డబుల్ ఏజెంట్. పేరు నెమలి.

"గ్యాస్ అయిపోయిందా మేడమ్?" కోడ్ అడిగాడు.

"ఎంత నింపినా నిలవడం లేదు."

సర్వర్ గదిలోకి తీసుకెళ్ళి పోస్ట్ తెరిచి చూపించింది. నోటుపుస్తకం కాగితానికి ఫొటో. చేత్తో రాసిన పేర్లు, కింద 'అయిదింటికి వంతెన దగ్గరికి రండి' అని పిలుపు. కాగితం పట్టుకున్న ఎడమ బొటనవేలు కూడా ఫొటోలో పడింది. గోరు మధ్యకి చీలి ఉంది.

తాబేలు ఆ వేలిని గుర్తుపట్టాడు. ఆ గోరు చీల్చింది తనే. ఆరేళ్ళప్పుడు, అక్క కుట్టుమిషను మీద గుడ్డ సర్దుకుంటుంటే ఆటకి చక్రం తిప్పాడు. సూది దిగింది. "నేనే చూసుకోలేదమ్మా," అని అక్క అమ్మకి అబద్ధం చెప్పి తమ్ముడి వీపు కాపాడింది.

నలభై ఒకటో పేరు మేనల్లుడిది. ప్రభుత్వం లిస్టులో వాడు లేడు. "ఎటో వెళ్ళిపోయుంటాడులే అక్కా," అని ఆఫీసు మాటని ఇంటిదాకా మోసుకెళ్ళింది తాబేలే. ఆ రోజు కూడా అక్క తమ్ముడికి అన్నం పెట్టింది.

"విదేశీ ముఠా ఏది?" అన్నాడు.

"నా బొంద! ముఠా లేదు, గిఠా లేదు. మీ చీఫ్ ఫైలు కావాలన్నాడు, రాసిచ్చాను." అతని మొహం చూసి ఆగింది. "తెలిసినవాళ్ళా?"

"మా అక్క."

నెమలి గొంతు తగ్గించింది. "వంతెన దగ్గర మీ రెండో టీమ్ కాపు కాసింది. జనం పోగయితే, పిలిచినవాళ్ళకి ఇరవై ఏళ్ళు జైలు. ఎవరూ రాకపోతే కేసే లేదు."

మూడూ యాభై తొమ్మిది. వదిలేస్తే మేనల్లుడి పేరు లోకమంతా చదువుతుంది, అక్క జైలుకి పోతుంది. నొక్కితే అక్క మిగులుతుంది, కన్న కొడుకు రెండోసారి పోతాడు. ఒక్క సెకను ఉందనగా తాబేలు మీట నొక్కాడు.

అయిదున్నరకి విరిగిన వంతెన దగ్గరికి వెళ్ళేసరికి టీమ్ వ్యాను వెళ్ళిపోయింది. అక్క ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో కాగితంతో. పట్టుబడకూడదని ఫోను ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

"వచ్చావా! ఆ బట్టలేంట్రా?"

"పని మీద..."

"మూడు లక్షలమంది చూసుంటారు కదరా. ఒక్కరికీ రావాలనిపించలేదా?"

నేనే చెరిపేశానక్కా! మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

"పోనీలే, నువ్వొచ్చావు," అని అక్క పేర్లు చదవడం మొదలుపెట్టింది. నలభై చదివింది. ఆ తర్వాత కాగితం తమ్ముడికిచ్చింది. ఆఖరి పేరు అతను చదివాడు. ఏడుస్తూనే, గట్టిగా చదివాడు.

మర్నాడు రిపోర్టు రాశాడు. 'మిషన్ సక్సెస్. గుమిగూడినవారు: ఇద్దరు.'

చీఫ్ ఫోన్ చేశాడు. "టీమ్ ఒక్క ఆడమనిషినే చూశామంటోంది. ఆ రెండోవాడెవడోయ్?"

"నాకూ ఇంకా తెలియలేదు సార్. విచారిస్తున్నాను."