కాలువ కూడలిలో ఖాళీ డబ్బా

బిష్కెక్‌కి దక్షిణాన, రోడ్డు పెద్ద కాలువను దాటే చోట ఒక కూడలి ఉంది. రెండేళ్ళ కిందటి చలికాలంలో, పొద్దుగూకాక అక్కడ టాక్సీలు ఆగేవి కావు. చెయ్యెత్తినా ఆగేవి కావు. కావాలంటే వంద గజాలు నడిచి అవతలికి రమ్మనేవారు.

కారణం ఒక స్తంభం. దానికి బూడిదరంగు డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. ముందు అద్దం. లోపల కెమెరా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ, అది ఖాళీ. బళ్ళవాళ్ళను భయపెట్టడానికి ఉత్త డబ్బా పెట్టి పోయారని ఆ చుట్టుపక్కల బడిపిల్లలకు కూడా తెలుసు. ఎర్రదీపం పడ్డా డ్రైవర్లు దానికేసి చెయ్యూపి మరీ పోయేవారు.

ఆ ఖాళీ డబ్బా నవంబరు నుంచి మెరవడం మొదలెట్టింది.

రోజూ కాదు... ఎప్పుడో, చీకట్లో, తెల్లగా — ఒక్క క్షణం.

ఎర్కిన్ అనే అతను చనిపోయింది కూడా నవంబరులోనే. ఆ డబ్బా కిందనే.

ఈ సంగతి సగం నాకు చెప్పింది సాయ్రా. ఆ మూలమీద తందూరు పెట్టుకుని, మాంసం కూరిన సంసాలు కాల్చి అమ్ముతుంది. మిగతా సగం ఎర్కిన్ భార్య బురుల్ చెప్పింది. ఇద్దరి మాటలూ కలిసిన చోటే రాస్తున్నాను.

నవంబరు పంతొమ్మిది సాయంత్రం బండిలో ఇద్దరున్నారు — ఎర్కిన్, అతని తమ్ముడు తాలాయ్. బండి ఎర్రదీపం దాటిపోయి, అడ్డంగా వస్తున్న కారును గుద్దింది. ఎర్కిన్ అక్కడికక్కడే పోయాడు. అవతలి కారులో ఉన్న పదిహేనేళ్ళ అమ్మాయికి ఒక కాలు తీసేయాల్సొచ్చింది. తాలాయ్‌కి నుదుటిమీద గాటు పడింది, అంతే. సాయ్రా పరుగెత్తుకొచ్చేసరికి అతను అన్నను రోడ్డు మీదికి లాగి, తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"'ఎర్రదీపం, అన్నా' అన్నాను... వినలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో.

ఎవరూ అనుమానించలేదు. తాలాయ్‌కి లైసెన్సు లేదు. పరీక్ష మూడుసార్లు తప్పాడని ఇంట్లో అందరూ ఆటపట్టించేవారు. ఇన్‌స్పెక్టరు డబ్బాకేసి ఒకసారి తలెత్తి చూశాడు. అందులో ఏమీ లేదని ఆయనకూ తెలుసు. తప్పు చేసినవాడే పోయాడు గనక కాగితాలు కట్టేశారు.

జనాజా నమాజు ముందు ఇమాము వాడుక ప్రకారం అడిగాడు: "ఈయన ఎలాంటి మనిషి?"

మంచి మనిషి అని జనం అనాలి. అన్నారు. కానీ... ఒక్క క్షణం ఆగి అన్నారు. యుర్తా గుడారం లోపల గోడవైపు తిరిగి ఏడుస్తున్న బురుల్‌కి ఆ ఒక్క క్షణమూ వినిపించింది.

అప్పుడు తాలాయ్ ముందుకొచ్చాడు. "మా అన్న చేసిన తప్పుకి, అన్న తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను," అన్నాడు. తమ్ముడంటే ఇలా ఉండాలని చుట్టాలు మెచ్చుకున్నారు.

నలభయ్యో రోజు భోజనాలకు ఆ అమ్మాయి తల్లి వస్తానంది. ఆవిడ ఎదుట, అంతమందిలో, బురుల్ మామగారు అసన్‌కుల్ లేచి "దోషం నా పెద్దకొడుకుది" అని ఒప్పుకోవాలి. ఆ మాట ఒకసారి బయటికొచ్చాక వెనక్కి తీసుకునేది ఉండదు. బురుల్ కూతురికి ఆరేళ్ళు. ఇక ఆ పిల్ల ఆ మాట మోస్తూనే పెరగాలి.

ఆ భోజనాలు నాలుగు రోజులున్నాయనగా సాయ్రా బురుల్‌ను తందూరు వెనక్కి లాగింది.

"చెప్పకూడదనే అనుకున్నానే... మీ ఆయన బండిని చూశాను."

"అది పాత ఇనుము కొట్టుకి పోయిందక్కా. నేను చూస్తే తట్టుకోలేనని తాలాయే అమ్మేసి వచ్చాడు."

"పోయిందేమో మరి. వస్తోంది మాత్రం. అది పోగానే డబ్బా మెరుస్తోంది."

"పొగ తలకెక్కింది నీకు."

"పొగకి నంబరు ప్లేటు కూడా ఉంటుందా? నాలుగొందల పద్దెనిమిది. గురువారం గురువారం వస్తోంది, బురుల్..." సాయ్రా గొంతు తగ్గించింది. "గురువారం ఎవరొస్తారో నేను నీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. గురువారం సాయంత్రం పోయినవాళ్ళు ఇంటివైపు వస్తారు. వాళ్ళకోసమే ఆ పూట ఇంటింటా నూనె కాచి బోర్సోకులు, అంటే పిండి ముక్కలు, వేయిస్తారు. వాళ్ళు తినరు, ఆ వాసన చాలు.

నలభయ్యో రోజుకు ముందు రోజు గురువారమే. బురుల్ పిండి కలిపి మూతపెట్టి, పొయ్యి వెలిగించకుండానే కూడలికి వెళ్ళింది.

ఆరు దాటింది. మంచు పడుతోంది. సాయ్రా తందూరు మూసేసి ఆమె పక్కనే నిలబడింది.

ఆరూ ఇరవైకి వంతెన మీద రెండు దీపాలు కనిపించాయి...

తెల్ల బండి. ముందు తలుపు ఒక్కటే నలుపు. పచ్చదీపం ఎర్రదీపమైంది... బండి ఆగలేదు. వాళ్ళ ముందునుంచే పోయింది. కిటికీ అద్దం వెనక మనిషి మొహం కనిపించలేదు — టోపీ కనిపించింది. ఎర్కిన్ నక్కతోలు టోపీ. ఎడమ చెవి మీద చిరిగిన చోట బురుల్ తన చేత్తో కుట్టిన టోపీ.

వాళ్ళ తలలపైన డబ్బా తెల్లగా మెరిసింది.

ఆ వెలుతురులో వెనక నంబరు చదవగలిగింది. నాలుగు, ఒకటి, ఎనిమిది.

సాయ్రా ప్రార్థన గొణుక్కుంటోంది. బురుల్‌కి భయం వెయ్యలేదట. "వచ్చాడు, కానీ ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదు?" — ఇదొక్కటే అనిపించిందట.

ఇంటికెళ్ళి పెట్టె తెరిచింది. ఆస్పత్రివాళ్ళిచ్చిన సంచిలో ఎర్కిన్ ఫోను ఉంది. ఆ రోజునుంచీ దాన్ని ముట్టుకోలేదు. ఛార్జింగ్ పెట్టింది. తెర వెలిగింది.

ఫోను మోగింది. మళ్ళీ మోగింది. ఇంకోసారి... పోయినవాడి ఫోనుకి నలభై రోజుల సందేశాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అన్నీ ఒకే చోటునుంచి. ట్రాఫిక్ జరిమానాలు. బండి ఎర్కిన్ పేరున ఉంది, నంబరూ అతనిదే.

తర్వాత నేను కనుక్కుంటే తెలిసింది: నవంబరు మొదటివారంలో ఆ డబ్బాలో నిజం కెమెరా పెట్టారు. ఆ ఇన్‌స్పెక్టరుతో సహా ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

బురుల్ ఒక సందేశం నొక్కింది. ఫొటోల వరస తెరుచుకుంది. అన్నిటికంటే పైన ఉన్నదే ఇందాకటిది అనుకుని దాన్ని పెద్దది చేసింది.

స్టీరింగు మీద రెండు చేతులు. నడుపుతున్నది తాలాయ్.

పక్క సీట్లో... ఎర్కిన్. టోపీ కళ్ళమీదికి జారింది. తల కిటికీకి ఆనించాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోయినప్పటిలాగే.

తమ్ముడి పక్కన కూర్చుని తిరుగుతున్నాడన్నమాట... తన దగ్గరికి రాకుండా.

అప్పుడు కింద ఉన్న అక్షరాలు చదివింది.

నవంబరు పంతొమ్మిది. సాయంత్రం ఆరూ పది. ఎర్రదీపం.

ఆ వరసలో పాతవి పైన ఉంటాయి. ఇందాకటిది అట్టడుగున ఉంది — అందులో తాలాయ్ ఒక్కడే ఉన్నాడు. అమ్మేశానన్న బండిని బాగుచేయించుకుని, గురువారం గురువారం బోర్సోకుల వేళకి అందులోనే వస్తున్నాడు. తలమీద అన్న టోపీ. పోయినవాడి బట్టలు పంచినప్పుడు అతని వాటాకొచ్చిన టోపీ.

దెయ్యమే అయితే బాగుండును అనుకుందట బురుల్.

వాకిట్లో మంచు దులుపుకుంటున్న చప్పుడైంది. రేపటి గొర్రెను దొడ్లో కట్టేసి మామగారూ తాలాయూ లోపలికొచ్చారు. టోపీ తీయకుండానే తాలాయ్ గాలి పీల్చి చూశాడు.

"ఇదేంటి వదినా, నూనె వాసనే లేదు? గురువారం కదా! అన్న ఎదురుచూడడూ?"

"నెమ్మదిగా మాట్లాడు," అంది బురుల్ గుసగుసగా. "మీ అన్న నిద్రపోతున్నాడు."

ఫోనులో ఆ నవంబరు ఫొటోను వాళ్ళకేసి తిప్పింది. తాలాయ్ ఫోనుకోసం చెయ్యి చాచాడు. ఆమె ఫోను అతనికివ్వలేదు... మామగారి చేతిలో పెట్టింది.