శొంఠి గీయని గీత

సాఫ్ట్‌వేర్ రాసినవాడు మెట్లమీద జారిపడి చచ్చిపోయాడని పోలీసులు కేసు మూసేశారు. గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ మాత్రం మూయలేదు.

"జారిపడేవాడు పైమెట్టు మీద బూట్లు విప్పి, పక్కపక్కన సర్దిపెట్టి మరీ జారతాడటోయ్?" అన్నాడు ఫొటోని బల్లమీదికి తోస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుకి డిపార్ట్‌మెంట్‌లో శొంఠి అని పేరు. ఒంటికాయ శొంఠికొమ్ము కాబట్టి శొంఠి. అమ్మా నాన్నా లేరు, పెళ్ళి లేదు, ఫోన్ మోగిందంటే అది చీఫే. ఇలాంటి పనులకి అలాంటివాళ్ళనే ఏరుకుంటారు. పోతే ఏడ్చేవాళ్ళూ ఉండరు, పెన్షన్ కోసం తిరిగేవాళ్ళూ ఉండరు.

బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది. మనిషి కడుపుకి స్కానింగ్ ఎలాగో, భూమి కడుపుకి చచ్చినవాడు రాసిన ఈ సాఫ్ట్‌వేర్ అలాగ. ఓడ సముద్రం అడుక్కి శబ్దం పంపుతుంది, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని సాఫ్ట్‌వేర్ బొమ్మగా మారుస్తుంది. ఆ బొమ్మలో రాతిపొరలు ఎక్కడున్నాయో, ఎక్కడ విరిగాయో చూసి గీతలు గీసేవాళ్ళు ఇంటర్‌ప్రెటర్లు. రాయి విరిగినచోటిని ఫాల్ట్ అంటారు. ఆ గీతలను నమ్ముకునే ఆయిల్ కంపెనీ నడిసముద్రంలో బావి తవ్వుతుంది.

"దీంట్లో ఒక విదేశీ ముఠా చెయ్యి పెట్టింది," అన్నాడు చీఫ్. "బావి పేలాలి, తవ్వే వేదిక, అదే రిగ్, దానిమీదున్న జనం పోవాలి. అప్పుడు తవ్వకాలు ఆగుతాయి, కంపెనీ ఆ బ్లాక్‌ని, అంటే తనకిచ్చిన ఆ సముద్రం ముక్కని, వదులుకుంటుంది, వీళ్ళు చవగ్గా కొట్టేస్తారు. ఎలా పేలుస్తారో కనుక్కో."

"లోపల మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్?"

"ముఠాలో మనకో మనిషి ఉంది. కోడ్ నేమ్ పావురం. తనే పలకరిస్తుంది. 'నేల కబుర్లు చెబుతోందా?' అంటే నువ్వు 'వినేవాళ్ళకి' అనాలి."

గడ్డం, మందపాటి కళ్ళద్దాలు, కొత్త ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం, చనిపోయిన భార్య. ఇదీ వేషం. గాడ్జెట్ సెక్షన్ వాళ్ళు ఒక మౌస్ ఇచ్చారు. దాన్ని ఎవరు ఎప్పుడు కదిపినా లోపల రికార్డవుతుంది. చక్రాన్ని మూడుసార్లు నొక్కితే తెరమీదున్న బొమ్మ చీఫ్‌కీ, ఆ భవనంలో ఉన్న ప్రతి తెరకీ చేరిపోతుంది.

లేని భార్యకి ఫొటో కూడా ఇచ్చారు. అద్దెగదిలో ఒక కుర్చీ, ఒక కంచం, ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ చూపించని కిటికీ. మొదట్లో ఆ ఫొటో సూట్‌కేసులోనే ఉండేది. కొన్నాళ్ళకి బల్లమీదికొచ్చింది. ఆ తర్వాత శొంఠి ఆఫీసునుంచి వచ్చి, ఇవాళ కూరలో ఉప్పెక్కువైందని దానికి చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఎవరి ఫొటోయో పాపం, ఆమెకి తెలిస్తే ఏమనుకునేదో.

ఆఫీసులో అతన్ని పలకరించింది ఒక్కరే. సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చినావిడ. ఎర్రకోటు వేసుకుని ఆమె నడిచొస్తుంటే, ఆ అంతస్తులో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా ప్రింటర్ దగ్గర పని పడేది. ఆమె మాత్రం తిన్నగా శొంఠి కుర్చీ దగ్గరికొచ్చి తెరమీదికి వంగింది.

"నేల కబుర్లు చెబుతోందా?"

"వినేవాళ్ళకి."

"అయితే మీకింకా చెప్పడం లేదు. ఈ ఫాల్ట్ ఏంటండీ, గోడకి మేకు దిగేసినట్టు? రాయి అలా విరగదు."

ఆ రోజునుంచి ఆమె టీచరుగారు, ఇతను శిష్యుడు. రోజూ మధ్యాహ్నం టీ తాగుతూ పాఠం. ఫాల్ట్ పైన నిటారుగా దిగుతుందనీ, లోతుకి పోయేకొద్దీ మెల్లగా వాలుతుందనీ చెప్పింది. బొమ్మమీద అనుమానమొస్తే ఓడ తెచ్చిన మొదటి డేటాకే వెళ్ళమంది. మధ్యలో ఎవరెవరు చేతులు పెట్టారో ఎవరికి తెలుసు అంది. చేతిరాతలాగే ఈ వృత్తిలో ఒకరి గీత ఇంకొకరికి రాదు. నెలలు గడిచినా శొంఠి గీతలు మేకుల్లాగే ఉండేవి. ఆమె నవ్వి, చెరిపి, మళ్ళీ గీయించేది. అతనికి ఆ చెరిపించుకోవడం కూడా బాగుండేది.

బావి తవ్వకం మొదలైన రోజు అతను తన ప్రాజెక్ట్ తెరిచాడు. తవ్వే చోటు కాస్త పడమరకి జరిగిందని అందరూ అనుకుంటున్నారు. ఎందుకు జరిగిందో ఇప్పుడు కనిపించింది. అతని లాగిన్‌తో, అతనికిచ్చిన పచ్చరంగులో, కొత్త ఫాల్ట్ ఒకటి గీసుంది. పైన నిటారుగా దిగి, లోతులో వయ్యారంగా వాలిపోయింది. దాన్ని తప్పించడానికే బావిని పక్కకి జరిపారు.

మొదట గర్వమేసింది. ఆ వెంటనే అనుమానమొచ్చింది. అంత బాగా గీయడం అతని తరం కాదు. మౌస్ రికార్డ్ చూస్తే, నిన్న ఆ గీత పడిన సమయంలో అది కదలనేలేదు. ఆ భవనంలో అలాంటి వంపు తిప్పగల చెయ్యి ఒక్కటే ఉంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పావురం రెండు గూళ్ళలోనూ గింజలు తింటోందన్నమాట. శొంఠికి కోపం రాలేదు, దిగులేసింది. రేపటినుంచి టీ ఎవరితో తాగాలి అన్న ఆలోచన ముందొచ్చింది. రిగ్ మీదున్న వందమంది ఆ తర్వాత గుర్తొచ్చారు. అందుకు సిగ్గుపడ్డాడు.

ఓడ తెచ్చిన మొదటి డేటాని లోడ్ చేయడం మొదలుపెట్టాడు. తెరమీద లోడింగ్ పట్టీ నత్తలా పాకుతోంది. కారిడార్ చివర మానిటరింగ్ రూమ్‌లో పెద్దాయన, అంటే ఆయిల్ కంపెనీలో ఇంటర్‌ప్రెటర్లందరికీ పైవాడు, రిగ్‌తో ఫోన్లో మాట్లాడుతూ డ్రిల్లు ఎంత లోతుకి దిగిందో పైకి చదువుతున్నాడు.

"ఆ లోడింగ్ ఆపేయండి," అంది ఆమె వెనకనుంచి. చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మూతలోంచి సన్నటి గొట్టం అతని మెడవైపు చూస్తోంది.

"ఏం దాచారు?" అన్నాడు శొంఠి, తల తిప్పకుండా.

"పైపొరల్లో గ్యాస్. మంచి ఒత్తిడి మీదుంది. బొమ్మలో తెల్లగా మెరిసేది. బొమ్మని శుభ్రం చేసే ఫిల్టర్ అని ఒకటి పెట్టించాం. ఆ మెరుపుని తుడిచేస్తుంది."

"మెట్లమీద పడినవాడు?"

"ఫిల్టర్ రాసింది అతనే. తీసేస్తానన్నాడు." ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. "ఆపండి. నన్ను రెండోసారి అడగనివ్వకండి."

అతను ఆపలేదు. ఆమె కాలుస్తుందో లేదో అతనికి నిజంగానే తెలియదు. పట్టీ ఇంకా పాకుతూనే ఉంది. పెద్దాయన ఇంకో అంకె చదివాడు.

"నాలాగే గీసుంటే సరిపోయేదిగా టీచరుగారూ. ఎవరికీ అనుమానం వచ్చేది కాదు."

ఆమె తెరమీది పచ్చగీతవైపు చూసింది.

"అలాగే గీద్దామని కూర్చున్నా. రెండుసార్లు గీసి చెరిపేశా. చెయ్యి రాలేదండీ."

"నాలా గీయడం అంత కష్టమా?"

"చాలా."

పట్టీ నిండింది. పచ్చ ఫాల్ట్ పక్కన, సరిగ్గా డ్రిల్లు దిగుతున్న దారిలో, తెల్లటి మచ్చ భగ్గుమంది. శొంఠి వేలు చక్రాన్ని మూడుసార్లు నొక్కింది. కారిడార్ చివర పెద్దాయన గొంతు చీరుకుపోయింది.

"ఆపు. డ్రిల్లు ఆపవయ్యా. బావిలో పోసే బురద బరువు పెంచు. ఎందుకని అడక్కు, ముందు ఆపు."

డ్రిల్లు ఆగింది. గ్యాస్‌కీ దానికీ మధ్య ఒక ఇంటి ఎత్తు రాయి మిగిలింది.

ఆమె లిప్‌స్టిక్‌ని బల్లమీద పెట్టేసి, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇప్పుడు కాల్చి లాభం లేదు. ఇందాకే కాల్చాల్సింది."

"ఎందుకు కాల్చలేదు?"

"ఇక్కడ నాతో టీ తాగినవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పండి."

ఏసీ రిపేరు వాళ్ళ వేషంలో చీఫ్ మనుషులు వచ్చేవరకూ ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పోతూ పోతూ ఆమె తెరమీదికి వంగి, తెల్లమచ్చ పక్కన నిజమైన పగులొకటి చిన్నదుందని, దాన్ని మీరు గీయకుండా వదిలేశారని చూపించింది. అతను తలూపాడు.

కంపెనీకి మాత్రం సాఫ్ట్‌వేర్‌లో లోపమని చెప్పారు. ట్రైనర్‌ని వాళ్ళ కంపెనీ వెనక్కి పిలిపించుకుందని చెప్పారు. శొంఠి రాజీనామా ఇవ్వడానికి వెళ్తే పెద్దాయన తెరమీద ఆ పచ్చగీత పెట్టుకుని చూస్తున్నాడు.

"డేటా చెడిపోయింది కాబట్టి ఫాల్ట్ తప్పే. నీ తప్పు కాదు. కానీ గీత చూడు, ఏం చెయ్యి. ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, కొత్తవాళ్ళెవరూ ఇలా గీయగా చూడలేదు. ఎవరు నేర్పారయ్యా?"

దొంగ పేరు, దొంగ గడ్డం, దొంగ భార్య. అన్నీ ఇన్నాళ్ళూ అలవోకగా నడిపించిన శొంఠికి ఈసారి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

"ఎవరూ లేరండీ," అన్నాడు. "ఒక్కణ్ణే నేర్చుకున్నాను."

పెద్దాయన నమ్మేశాడు. ఆయనకి అబద్ధాలు పట్టడం రాదు, పాపం, రాళ్ళతో పనిచేసే మనిషి.