మొలవని ఎముక

కామేశ్వరి గుమ్మంలో అడుగు పెడుతూనే నడుం మీద చెయ్యి వేసుకుంది.

"విరిగింది చెయ్యి. మంచమెక్కింది కాలు. ఇదేం వింత బావా?"

నరసింహారావు ఎడమకాలిని దిండు మీద ఇంకాస్త పైకి జరుపుకున్నాడు.

ఆగిరిపల్లి రోడ్డు మీద స్కూటరు బోల్తాపడి విరిగిన ఆ చెయ్యి ఏడాది దాటినా అతకలేదు. చివరికి మద్రాసులో డాక్టర్లు అతని ఎడమ పిక్క పక్కనుండే సన్నటి ఎముకను రక్తనాళంతో సహా తీసి చేతిలో పెట్టి అతికించారు. చెయ్యి అతుక్కుంది. కాలి మీద కుట్లూ మానాయి. కాలు మాత్రం నేలకు ఆనలేదు. దానికి కారణం నాయనమ్మ గోవిందమ్మ.

"అంటుకి కొమ్మ కోశాక తల్లిచెట్టు జోలికి పోకూడదురా. నీళ్ళు పోసి ఊరుకుంటే అదే చిగురేస్తుంది," అందావిడ.

మామిడితోటల్లో పుట్టినవాడు ఆ మాట కాదనగలడా? పైగా డాక్టరు చెప్పింది ఇంగ్లీషులో, నాయనమ్మ చెప్పింది తెలుగులో. నరసింహారావు పూటకో గ్లాసు పాలు తాగుతూ, పిక్క తడుముకుంటూ, ఎముక మొలిచే రోజు కోసం కాచుక్కూర్చున్నాడు.

"ఆదివారం ముసునూరు వాళ్ళు నన్ను చూసుకోడానికొస్తున్నారు," అంది కామేశ్వరి గోళ్ళు చూసుకుంటూ.

అతను దిగ్గున ముందుకు వంగాడు. "మామయ్య నిన్ను నాకిస్తానన్నాడుగా!"

"అన్నాడు. మంచం దిగనివాడు తోటేం తిరుగుతాడంటున్నాడిప్పుడు."

"ఎముక మొలవగానే వచ్చి అడుగుతానని చెప్పు."

ఆమె తెల్లబోయింది. తర్వాత గోడ పట్టుకుని మరీ నవ్వింది.

"మొలుస్తుందా? నువ్వేమన్నా చిన్నరసం చెట్టువా బావా? ఆస్పత్రిలో అత్తయ్యకి తోడు నేనూ ఉన్నాగా. అది ఇంక రాదు. బరువు మోసేది పక్కనున్న పెద్దెముకేనట. నడిస్తేనే కాలు బాగవుతుందన్నారు."

"మరి కాలి బొటనవేలు వంగట్లేదే?"

"రోజూ సాగదీయమన్నారు. తీశావా?"

"నాయనమ్మ ముట్టుకోవద్దంది."

ఆమె వంగి ఆ వేలు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"అమ్మోయ్!"

"వేలికి ప్రాణముందిలే. మనిషికే లేదు," అనేసి వెనుదిరిగింది. గుమ్మం దాటుతూ పైటచెంగుతో కళ్ళు తుడుచుకోవడం అతను చూడనే చూశాడు.

మర్నాటి నుంచి గోడ పట్టుకుని నడక మొదలెట్టాడు. పిక్కలో నిప్పులు పోసినట్టుండేది. గోవిందమ్మ మద్రాసు డాక్టర్లందరికీ శాపనార్థాలు పెట్టింది.

శనివారం సాయంత్రం జల్లు పడుతోంది. మామయ్య వీరభద్రరావు అరుగు మీద మామిడికాయలు ఏరుతున్నవాడల్లా తలెత్తాడు. ఎదురుగా మేనల్లుడు. చేతికర్ర, తడిసిన చొక్కా, మోకాళ్ళదాకా బురద.

"ఏరా, ఎముకొచ్చిందా?"

"రాలేదు మామయ్యా. ఇంక రాదు కూడా. అది లేకుండానే వచ్చాను. కామేశ్వరిని నాకివ్వండి."

"కుంటుతున్నావు కదరా!"

"కుంటుతున్నాను. నిన్నటికన్నా తక్కువే. రేపు ఇంకా తగ్గుద్ది."

వీరభద్రరావు ఆ బురదకాళ్ళ వంక చాలాసేపు చూశాడు. కాయ కింద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"ముసునూరు వాళ్ళకి రావద్దని కబురు పెడతాలే. అమ్మాయ్, బావకి కుర్చీ వెయ్యి. నిలబడలేకపోతున్నాడు."

తలుపు వెనకనుంచి కామేశ్వరి వచ్చింది. కుర్చీ మాత్రం తేలేదు.

"వెయ్యను నాన్నా. కూర్చున్నాడంటే మళ్ళీ లేవడు. కావాలంటే నా చెయ్యి పట్టుకుని నిలబడమను."