తూర్పు గ్యాలరీలో దగ్గు

మా ఫుట్‌బాల్ మైదానంలో తూర్పు గ్యాలరీకి మంచి పేరు లేదు. చీకటి పడితే అక్కడ ఎవరో దగ్గుతారని, నిట్టూరుస్తారని, కుర్చీలు కిర్రుమంటాయని చెప్పుకునేవాళ్ళు. దగ్గే దెయ్యమేమిటని నవ్వినవాళ్ళు కూడా ఆ గోడ పక్కకి వచ్చేసరికి గబగబా అడుగులు వేసేవాళ్ళు.

ఇది మా చిన్నమావయ్య చెప్పగా విన్నది. క్లబ్బు మైకులో ఆటగాళ్ళని పిలిచే పని ఆయనది. ఇంట్లో నోరు విప్పితే ఒట్టు, మైకు దొరికితే మాత్రం వదిలేవాడు కాదు.

మంచి రోజుల్లో మా క్లబ్బు మొదటి డివిజన్లో ఉండేది. మావయ్య నంబరు చెబితే చాలు, పేరు జనమే అరిచేవాళ్ళు. అది మా ఆనవాయితీ. "నంబర్ ఒకటి!" అంటే గ్యాలరీ మొత్తం "గోడ!" అని గర్జించేది. గోల్‌కీపర్ ముద్దుపేరది.

తర్వాత క్లబ్బు రెండో డివిజన్‌కి జారింది, మూడుకి జారింది, చివరికి అట్టడుగున పడింది. మళ్ళీ మొదటి డివిజన్‌కి వచ్చేదాకా మ్యాచ్ మొహం చూడబోమని అభిమానులు ఒట్లు పెట్టుకున్నారు. అందరికంటే గట్టిగా పెట్టుకున్నది చిన్నమావయ్య సొంత అన్న, మా పెదమావయ్య. తూర్పు గ్యాలరీకి తాళం పడింది. నంబరూ పేరూ రెండూ చిన్నమావయ్యే చెప్పుకోవాల్సి వచ్చింది. అంతకంటే ఒంటరి ఉద్యోగం నేను చూడలేదు.

ఈ సంగతి జరిగిన రాత్రి తెల్లారితే ఆ ఏటి చివరి మ్యాచ్. ఓడితే ఆఖరి డివిజన్ కూడా పోతుంది, క్లబ్బు మూతపడుతుంది. మైకు సరిచూద్దామని చిన్నమావయ్య ఒక్కడే వెళ్ళాడు. మైకు గది తూర్పు గ్యాలరీ పక్కనే. బల్బు వేసి, గొంతు సవరించుకుని... అలవాటు కొద్దీ పాత జట్టుని పిలిచాడు.

"నంబర్ ఒకటి..."

పక్కన మూసిన గ్యాలరీ. కటిక చీకటి.

"గోడ..."

ఎవరో గొణిగారు!

మావయ్య చెవి రిక్కించాడు. గాలేమో అనుకున్నాడు. మళ్ళీ పిలిచాడు—

"నంబర్ తొమ్మిది..."

"పిడుగు..."

ఈసారి చాలా గొంతులు. పైమెట్ల నుంచి ఒకటి, ఆ మూల నుంచి ఒకటి... అన్నీ బొంగురువే. పారిపోదామనుకున్నాడట. కానీ—నవ్వకండి—ఇన్నేళ్ళకి ఎవరో బదులు పలికారని ఏడుపొచ్చింది. దెయ్యాలైతే అయ్యాయి, మనవాళ్ళే కదా అనిపించింది.

చెయ్యి చాచి గ్యాలరీ లైట్లు వేశాడు.

మనుషులు!

మెట్టుకొకరు, మూలకొకరు, ఒకరికొకరు దూరంగా... మఫ్లర్లలో తలలు దూర్చుకుని. మందులషాపాయన, డ్రిల్లు మాస్టారు, టైలరమ్మ... ఒట్టు పెట్టుకున్నది మ్యాచ్ చూడబోమని కదా, ఖాళీ గ్యాలరీలో కూర్చోబోమని కాదు కదా! వెనక గోడకున్న కన్నంలోంచి దూరి, ఎవరికి వారు రహస్యంగా వచ్చి కూర్చుని పోతున్నారు. చీకట్లో పక్కవాళ్ళ దగ్గు విని దెయ్యమనుకున్నారు, ఊరంతా చెప్పారు. అలా వణుకుతూనే, రావడం మాత్రం మానలేదు.

ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుని కొయ్యబారిపోయారు.

పైమెట్టు మీద ఒకాయన మెల్లగా లేచాడు. పెదమావయ్య!

"రేపు రా అన్నయ్యా," అన్నాడు చిన్నమావయ్య, మైకులోనే. "ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు."

పెదమావయ్య మఫ్లరు విప్పి భుజాన వేసుకున్నాడు.

"వస్తాంరా... కానీ ఇప్పటి కుర్రాళ్ళ పేర్లు మాలో ఒక్కరికీ తెలియవు. ఏమని అరవాలో చెప్పు."