స్టేడియంలో పద్దెనిమిది మీటర్లు మాయం

2003 మార్చి 11. మంగళవారం. ఉదయం 9.10.

బందరు యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో పద్దెనిమిది మీటర్ల గ్రౌండు కనిపించడం లేదని స్టేషన్‌కి ఫోనొచ్చింది.

ఇన్‌స్పెక్టర్ అబ్రహాము ఇడ్లీ మధ్యలో లేచాడు. చట్నీలో ఉప్పు లేదు కాబట్టి పెద్దగా బాధపడలేదు. గుడివాడలో ఉండగా సైకిళ్ళు పోయిన కేసులు చూశాడు. గేదెలు పోయిన కేసులు చూశాడు. నేల పోవడం ఇదే మొదలు.

9.40. ఫిజికల్ డైరెక్టర్ భానుప్రకాష్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. చేతిలో టేపు.

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున ఏడున్నరకండి. సాయంత్రం నాలుగింటికి గ్రౌండు గుర్తింపు కమిటీ కొలతలకొస్తంది. ముందోసారి చూసుకుందామని టేపేశాను. పొడవు నూట ఐదు మీటర్లుండాలి. ఎనభై ఏడొచ్చింది."

"టేపు సరైందేనా?"

"మూడు టేపులు మార్చానండి."

"తక్కువైతే ఏమవుద్ది?"

"తొంభై లేకపోతే గుర్తింపు తీసేస్తారు. టీమూ పోద్ది. ఈ స్థలం రొయ్యల చెరువులకిచ్చేద్దామని పైవాళ్ళు ఇప్పటికే అంటన్నారు."

"దీనికి ముందు కొలిచిందెప్పుడు?"

"పంతొమ్మిదొందల తొంభైలోనండి. అక్కణ్ణించి పాత ఫైలు చూసి కొత్త ఫైలు రాస్తన్నాం."

అబ్రహాము ఫైలు తిరగేశాడు. 1990లో తాటిమొద్దుల గోల్‌పోస్టులు. 1994లో పడమటి గ్యాలరీ. మూడు వేల మందికి సరిపోతుందని రాసుంది. ముప్ఫై మంది కూర్చుంటే ఒకరి మోకాలు ఇంకొకరి జేబులో ఉండేది. 1998లో ఉత్తరం గ్యాలరీ. 2001లో ఫ్లడ్‌లైట్ల స్తంభాలు. లైట్లు ఇంకా దారిలో ఉన్నాయి.

స్టేడియం ఏటేటా పెరిగింది. అందరూ పైకే చూశారు.

తూర్పు గోల్ వెనక రొయ్యల చెరువు గట్టు. ఆ చెరువు రామమూర్తిది. యూనివర్సిటీ ఆఫీసులోనే సూపరింటెండెంటుగా చేసి నిరుడు చివర్లో రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగానే, 1997లో పక్క స్థలం లీజుకి తీసుకున్నాడు.

"దొంగ తెలిసినట్టేనండి," అన్నాడు భానుప్రకాష్.

అబ్రహాము తూర్పు గోల్ వెనక్కి నడిచాడు. గోల్‌కీ గట్టుకీ మధ్య అడుగులు లెక్కపెట్టాడు. వంగి నేల మీది తెల్లపొడి వేలికి అద్దుకున్నాడు. నాలిక మీద పెట్టుకున్నాడు. తల ఊపాడు.

మధ్యాహ్నం 2.15. సెంటర్ సర్కిల్.

భానుప్రకాష్, రామమూర్తి, గ్రౌండ్‌మన్ పున్నారావు వరసగా నిలబడ్డారు. పున్నారావుది దివిసీమలో హంసలదీవి. పదమూడేళ్ళుగా ఈ గడ్డికి నీళ్ళు పెడుతున్నాడు. పరకపరకకీ పేరు పెట్టలేదంటే, పేర్లు చాలకే.

"రామమూర్తి గారూ, గట్టు ఎన్నిసార్లు జరిపారు?"

"ఐదుసార్లండి. గోల్ అవతల వదిలేసిన నేలేగా. ఉత్తినే ఉంటే ఎవరికి లాభం?"

"చూశారా, ఒప్పేసుకున్నాడు," అన్నాడు భానుప్రకాష్.

"ఆగండి. ఈయనే నెట్టుకొస్తుంటే గట్టు గోల్‌ని తాకాలి. మధ్యలో మూడు మీటర్లు ఖాళీ ఉంది. అంటే ఏటా ముందు గోల్ జరిగింది. వెనకాల గట్టొచ్చింది. పదిహేను మీటర్లు చెరువులో ఉన్నాయి. మూడు ఇంకా బయటే ఉన్నాయి."

అబ్రహాము గోల్ వెనక తెల్లటి నేల చూపించాడు.

"అదేంటి?"

"గీతలకి వేసే సున్నమండి. గాలికి కొట్టుకొచ్చుంటది."

"రుచి చూశారా?"

ఫిజికల్ డైరెక్టర్లు గ్రౌండు రుచి చూడరు. భానుప్రకాష్ చూడలేదు.

"ఉప్పు. చెరువులోంచి ఊరుతోంది. పున్నారావూ, గోల్ జరిపింది నువ్వేగా?"

పున్నారావు తల దించలేదు.

"ఆరుసార్లండి. ఏటా ఎండాకాలం సెలవుల్లో. సెంటర్ గీత కూడా మళ్ళీ కొట్టేవాణ్ణి."

"బాబాయ్, నువ్వా?" భానుప్రకాష్ అతని వైపు తిరిగాడు. "ఎందుకు?"

"మా దివిలో ఉప్పు తేలిన మడి వదిలేసి లోపలికి గట్టేసుకుంటామండి. మిగతాదన్నా బతుకుద్దని. ఆ గోల్ ముందర గడ్డి చచ్చిపోయి కీపరు పిల్లోడి మోకాళ్ళు చీరుకుపోతన్నాయి. ఓ మూడు మీటర్లు లోపలికి తెచ్చాను. మళ్ళీ ఏడాదికి అక్కడా చచ్చింది."

"ఎవరికన్నా చెప్పావా?"

"ఏటా కాయితం పెట్టానండి. సూపరింటెండెంటు గారికి."

అందరూ రామమూర్తి వైపు చూశారు. ఆయన చెరువు వైపు చూశాడు.

"కేసు పెడతాను," అన్నాడు అబ్రహాము. "గట్టు వెనక్కి జరిపిస్తాను."

"జరిపించండి సార్. ఉప్పునెవరు జరుపుతారు?" అన్నాడు పున్నారావు.

4.00. కమిటీ వచ్చింది. 4.06కి టేపు వేసింది. ఎనభై ఏడు. 4.20కి గుర్తింపు రద్దు కాగితం మీద సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయింది.

5.30. అబ్రహాము జీపెక్కబోతూ ఆగాడు. తూర్పు గోల్ దగ్గర పున్నారావు గడ్డపారతో పోస్టు మొదలు తవ్వుతున్నాడు. మూడు మీటర్లు లోపలికి రెండు కొత్త గుంతలు అప్పటికే తీసున్నాయి.

"ఇంకెవరాడతారయ్యా ఇక్కడ?"

"ఎవరూ ఆడరండి."

పున్నారావు గడ్డపార మళ్ళీ ఎత్తాడు.

"గడ్డి అక్కడిదాకే ఉందండి."