ఫోన్ల పెట్టె

"ఇన్నినాళ్లు ముచ్చట పెట్టి, గిప్పుడు జవాబే ఇయ్యవా?"

గద్వాలలో నేతగాడు నర్సింహులు వాకిట్లో బైకు దిగుతూనే నిలదీశాడు జితేందర్. నూలు ఆరేస్తున్న నర్సింహులు కూతురు సౌందర్య తలెత్తింది.

"ఎవరయ్యా నువ్వు? జర ఇల్లు చూసుకొని మాట్లాడు."

అతను ఫోన్ చూపించాడు. ఫొటో, పేరు, ఊరు ఆమెవే. అకౌంట్ మాత్రం ఆమెది కాదు.

"శ్రావణమాసమంత పొద్దూ మాపూ మెసేజ్‌లు పెట్టినవ్ గద!"

"శ్రావణంల మా నాయిన దీక్షల ఉండి తిరుపతి స్వామికి పంచెలు నేస్తడు. అప్పుడు మా ఇంట్ల ఫోన్లన్నీ పెట్టెల పెడ్తం. నీతోని మాట్లాడిందెవరో పోయి ఎతుక్కో!"

అమరచింత నుంచి మోసుకొచ్చిన పూలు జితేందర్ చేతిలోనే వాడిపోయాయి.

అదే ఫొటోతో ఇంకెందరినో మోసం చేశారని వీధికంతా తెలిసింది. కులపెద్ద మద్దిలేటి నసిగాడు: "దీక్షల ఫోన్ ముట్టినరంటున్నరు. నిజం తేలకుంటే, వచ్చే శ్రావణం స్వామి పంచెలు వేరే ఇంట్ల నేయిద్దాం నర్సింహులూ."

నర్సింహులు ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడే సౌందర్య, జితేందర్ సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్లారు. ఎస్సై సరిత చెప్పింది: "ఈ అకౌంట్ పరాయి దేశంలకెల్లి నడుస్తుంది. మన అర్జీ ఢిల్లీ మీదుగ ఆ సర్కారుకు పోవాలె. వాళ్ల చట్టం ఒప్పుకోవాలె."

"దొంగకు లేని సరిహద్దు న్యాయానికెందుకు మేడం?"

"అందుకే దేశాలన్నీ కూసొని ఒప్పందాలు రాసుకుంటున్నయమ్మా. జర ఓపిక పట్టు."

కబురేమైనా వచ్చిందా అంటూ జితేందర్ ప్రతి మంగళవారం వచ్చేవాడు. జమ్ములమ్మ దర్శనానికొచ్చానని సాకు.

"నువ్వు మనసు పడ్డది ఆ మెసేజ్‌ల మీద. నా మీద కాదు," అంది సౌందర్య ఒకరోజు.

"మెసేజ్‌లల్ల అది ఒక్కసారి గూడ తిట్టలే. నువ్వు మొదటి మాటకే తిట్టినవ్. గప్పుడే పడిపోయిన."

ఆమె నవ్వు దాచుకోవడానికి నూలు వైపు తిరిగింది.

ఆషాఢం జల్లులో తడుస్తూ అతను వచ్చిన రోజే సరిత ఫోన్ చేసింది. ఆ దేశం పోలీసులు ముఠాను పట్టుకున్నారు. ఫొటో వాళ్లు దొంగిలించిందేనని తేలింది. సౌందర్య తప్పేమీ లేదు.

"నీతోని ముచ్చట పెట్టినామెకు మీసాలున్నయంట!" సౌందర్య పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మద్దిలేటి స్వయంగా వచ్చి నర్సింహులు చేతులు పట్టుకున్నాడు. శ్రావణం తొలిరోజు మగ్గానికి పూజ చేసి, నర్సింహులు ఫోన్ల పెట్టె పట్టుకొచ్చాడు. అందరూ తమ ఫోన్లు అందులో పెట్టారు. పెట్టె జితేందర్ ముందు ఆగింది.

"నాది గూడనా?"

"ఇంట్లోళ్లందరివీ పెట్టాలె బిడ్డా," అన్నాడు నర్సింహులు.